రెండు ఎమ్ములు, రెండు సున్నాలు

ఫిబ్రవరి 9

తమ్ముడికి అక్క రాస్తున్నది.

నీకు ఫోనులో వినపడదు, నాకు ఫోనులో తెలుగు కొట్టడం రాదు. అందుకని కాగితం పట్టుకున్నా. ఐదో తరగతితో ఆగిపోయిన చేతిరాత, కూడబలుక్కుని చదువుకో.

లాప్‌టాప్‌లోంచి శబ్దం రావట్లేదురా. నాలుగు వారాలైంది. నువ్వు వచ్చి వెళ్ళిన తర్వాత జరిగింది. మీ బావకి షుగరుతో చూపు పోయినప్పుడు నువ్వూ మా అబ్బాయీ, మామా అల్లుళ్ళిద్దరూ వారం రోజులు తలుపేసుకుని ఎక్కించారే, లినక్సో ఏదో, ఎవరెవరో కలిసి రాసి ఊరికే పంచిపెడతారని చెప్పావు, ఆ సిస్టమే ఇంకా. తొమ్మిదేళ్ళ నుంచీ ఆయనకి పేపరు చదివేది అదే, పుస్తకం చదివేది అదే. ప్రెస్సులో ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కళ్ళు పోయినా చదువు పోలేదంటే దానివల్లే. ఇప్పుడు అదీ పోయింది.

మా వీధి చివర రిపేరు షాపుకి తీసుకెళ్ళా. ఆయన మూత తెరిచి చూసి నవ్వాడు. "ఇంత పాత సిస్టమ్ ఇంకా వాడుతున్నారా అమ్మా, మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కిస్తా, సౌండు అదే వస్తుంది" అన్నాడు. తుడవడానికి అదేమన్నా గచ్చా? కొత్తదాంట్లో పేపరు చదివిపెట్టే ఆ పాత గొంతు ఉండదట. వాడు పెట్టిచ్చిన మీటలూ ఉండవట. ఏ మీట పేపరు, ఏ మీట పుస్తకం, ఏ మీట నెమ్మది, అన్నిటి మీదా జిగురు బొట్లు అంటించి వాళ్ళ నాన్న వేలు పట్టుకుని నేర్పాడు వాడు. షాపాయన బల్ల మీంచి లాక్కుని వచ్చేశా.

మీ బావ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని. వేళ్ళు మాత్రం ఊరికే కదుల్తుంటాయి, మీటలు నొక్కుతున్నట్టు. మాట లేదు. టీ ఇస్తే తాగుతారు, మర్చిపోతే అడగరు. కొడుకు పోయాడు, దానికి నేను చెయ్యగలిగింది లేదు. చదువు పోవడం కూడా చూస్తూ కూర్చోలేను. ఏం చెయ్యాలో రాయి. చిన్నపిల్లకి చెప్పినట్టు రాయి.

మరదల్ని అడిగానని చెప్పు.

మీ అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

కాగితం అందింది. ముందు ఒక మాట. నా చెవులు పూర్తిగా పోయి ఆరేళ్ళయింది కాబట్టి సౌండు రిపేరుకి నాకంటే పనికిరానివాడు దొరకడు. నా బల్ల మీద నేనైతే పట్టీలు కదలడం చూస్తా, స్పీకరు మీద వేలు పెట్టి అదురు చూస్తా. అక్కడ నువ్వే నా వేలు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. "అదేదో వచ్చింది" అని రాస్తే నాకేం తెలుస్తుంది?

చీటీ విడిగా పెట్టాను. ఇంగ్లీషు ముక్కలు పెద్ద అక్షరాలతో రాశా. నువ్వు చొక్కా జేబుల మీద దారంతో పేర్లు కుడతావు కదా, అలాగే చూసి దింపెయ్యి. నల్ల తెర వస్తుంది, అందులో నిలువు పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీ అడుగున చూడు. రెండు ఎమ్ములుంటే దాని నోరు మూసి ఉన్నట్టు, రెండు సున్నాలుంటే తెరిచి ఉన్నట్టు. ముందు ఎఫ్ ఆరు నొక్కి ఏ కార్డు ఉందో చూసి నాకు రాయి.

పార్సిల్ చేసి పంపితే ఇవన్నీ లేకుండా నేనే చూస్తా. పరీక్షల ముందు ఒక బడి వాళ్ళవి ఎనభై కంప్యూటర్లు నా బల్ల మీదున్నాయి, లేకపోతే నేనే బయల్దేరేవాణ్ణి.

ఇంకో సంగతి. కోప్పడకు. వాడి గొంతు ఎక్కడైనా దాంట్లో ఉందేమో అని నీ ఆశ. నాకు తెలుసు. బావ చదువు అని రాశావు గానీ నీ మనసు నాకు తెలియదా? అక్కా, వాడు పోయాడు. గొంతు దొరికినా మనిషి దొరకడు. మెల్లిగా ఒప్పుకోవాలి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 22

ఒరే,

నువ్వు నాకు ఒప్పుకోవడం నేర్పక్కర్లేదు. వాడి గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసి వేరేవాళ్ళకి ఇచ్చేసింది నేను. వాడి మంచం విప్పించింది నేను. వాడి గొంతు ఆ పెట్టెలో లేదు, ఉన్నా నాకొద్దు. అది విన్న రోజు ఈ ఇంట్లో కుట్టుమిషను నడవదు. నేను అడిగింది మీ బావ చదువు గురించి. ఉన్నదున్నట్టు రాయమని నాకు చెప్పి, నేను రాసింది నువ్వు చదవవా?

నువ్వు చెప్పినట్టే చేశా. ఎఫ్ నొక్కాను, ఆరు నొక్కాను. ఏమీ రాలేదు. మళ్ళీ ఎఫ్, మళ్ళీ ఆరు. ఇరవై సార్లు నొక్కి ఉంటా. ఎమ్ములు మాత్రం కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, వరసంతా ఎమ్ములే. నోరు తెరవాలంటే ఏం చెయ్యాలో నువ్వు రాయలేదు. ఎమ్ములుంటే మూసినట్టు అని రాసి ఊరుకున్నావు. డాక్టరు జబ్బు పేరు చెప్పి ఇంటికి పంపినట్టుంది.

పార్సిల్ కట్టను. దారిలో ఎవరు విసిరేస్తారో. ఆ మాట మళ్ళీ రాయకు.

ఇదంతా మీ బావకి చెప్పలేదు. ఆయనవి పాము చెవులు, మీట చప్పుడు వినగానే "ఏం చేస్తున్నావు" అన్నారు. నెల తర్వాత అడిగిన మొదటి మాట అది. ఫొటోలు చూసుకుంటున్నా అన్నాను. "సరే" అన్నారు. అంతే, మళ్ళీ కిటికీ.

పదహారు కాలర్లు ఎల్లుండికి ఇవ్వాలి. ఉంటా.

అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

ఎఫ్ ఆరు అంటే ఒకటే మీట. పై వరసలో ఉంటుంది, దాని మీదే ఎఫ్ అనీ ఆరు అనీ కలిపి రాసి ఉంటుంది. తప్పు నాదే. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, ఈ సంగతి ఒకరికి చెప్పాల్సి వస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. నీ కాగితం మరదలికి చూపించా. అది నవ్వింది. దానికీ తెలియదట, తర్వాత ఒప్పుకుంది.

ఆ మీట నొక్కితే రెండు పేర్లు వస్తాయి. మొదటిది టీవీకి పోయే వైరుది. అది మనకొద్దు. రెండోది లోపలి స్పీకర్లది. కింది బాణంతో రెండోదానికి వెళ్ళి ఎంటర్. అప్పుడు ఒక్కో పట్టీ దగ్గరా ఎమ్ అక్షరం ఒకసారి నొక్కు, సున్నాలవుతాయి. పట్టీలన్నీ పై బాణంతో చివరిదాకా తొయ్యి.

రెండో చీటీలో తెర మీద ఇంకో కిటికీ ఎలా తెరవాలో రాశా. పాట ఏదైనా పెట్టి అందులో ఆకుపచ్చ గీత కదులుతోందా లేదా చూడు. చిటికెడు కాగితం ముక్క చించి స్పీకరు కన్నాల మీద పెట్టు. అది ఎగిరితే శబ్దం ఉన్నట్టు. నాకు ఇదే చెవి.

మూడో చీటీ చేసిన మార్పులు దాచడానికి. అది పాస్‌వర్డు అడుగుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, నేనూ వాడూ బద్ధకించి అలా పెట్టాం.

ఇంకా ముఖ్యమైనది. శబ్దం ఆగిన క్షణంలో ఆయన ఏం నొక్కారో, ఏం వింటున్నారో బావని అడిగి రాయి. సగం రిపేరు అక్కడే ఉంటుంది.

గొంతు గురించి రాసినందుకు తిట్టావు. సరే. కానీ ఫొటోలు అని బావకి అబద్ధం ఎందుకు చెప్పావో నాకు అర్థం కాలేదు. బాగుచేస్తున్నా అని చెబితే ఆయనకి సంతోషమే కదా.

నీ తమ్ముడు


మార్చి 7

తమ్ముడూ,

అన్నీ చేశాను. రెండో పేరుకి మార్చా. ఎమ్ములన్నీ సున్నాలయ్యాయి. పట్టీలన్నీ నెత్తి మీదికి ఎక్కించా, ఎర్రగా అయ్యాయి. ఆకుపచ్చ గీత గంతులేస్తోంది. కాగితం ముక్క మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఊదితే ఎగిరింది. అది నా ఊపిరి.

పాస్‌వర్డు అడిగినప్పుడు అంకెలు కొడితే ఒక్కటీ కనపడలేదు. మీటలు పోయాయనుకుని గట్టిగా గుద్దాను. ఎన్ని కొట్టానో లెక్క లేదు, తప్పు తప్పు అని మూడుసార్లు తిట్టి ఊరుకుంది. పైవాటా టీచరమ్మ పిండి కోసం వచ్చి చూసి, "కనపడవండీ, కనపడకుండానే పడతాయి" అంది. ఆ ముక్క నువ్వు రాయాలా ఆవిడ చెప్పాలా? చీటీలో నాలుగు అక్షరాలు ఎక్కువ రాస్తే నీ సిరా అయిపోతుందా?

నా కళ్ళు లాగుతున్నాయి. నిన్న ఒక చొక్కాకి ఎడమ చెయ్యి తీసుకెళ్ళి కుడి వైపు కుట్టాను. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి.

మీ బావని అడిగాను. దానంతట అదే ఆగిపోయిందన్నారు.

ఆయన నిన్న అన్నం ముందు కూర్చుని, "పేపరులో ఏముంది" అన్నారు. నేను తీసి చదివా. నా చదువు నీకు తెలుసు కదా, రెండో వాక్యానికే తడబడ్డా. ఆయన "ఇంక చాల్లే, చల్లారిపోతుంది" అన్నారు. తప్పు చదివితే ఊరుకునే మనిషి కాదురా ఆయన. ఊరుకున్నారు. నాకు అదే భయం.

అక్క


మార్చి 13

అక్కా,

బావ ఆ మాట అనలేదు.

తొమ్మిదేళ్ళలో ఆ మెషినుకి ఏం వచ్చినా మేనల్లుడు నాకు బావ మాటల్లోనే రాసి పంపేవాడు. "నాలుగో పేజీ మూడో పేరా మధ్యలో, ఎడమ చేతి బొట్టు మీట నొక్కినప్పుడు, ముందు టక్కున ఒక చప్పుడు వచ్చి ఆగింది" ఇలా ఉండేవి. కామా పోతే పట్టుకునే మనిషి "దానంతట అదే ఆగిపోయింది" అంటాడా? నువ్వు అడగలేదు. నీ అంతట నువ్వే రాశావు.

ఇంకా విను. ఆకుపచ్చ గీత కదులుతోందంటే శబ్దం పుడుతోంది. కార్డు సరిగ్గా ఉంది, నోళ్ళు తెరిచి ఉన్నాయి, స్పీకర్లు రెండూ ఒకేసారి కాలిపోవు. మరి శబ్దం ఎటు పోతోంది? ఎవరో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నప్పుడు బయటికి రాకుండా ఉంటుందే, అచ్చంగా అలా ఉంది. ఆ మెషినుకి ఎవరో వింటున్నారన్న నమ్మకం కలిగింది. ఎందుకు కలిగింది?

పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టే కన్నం ఉంటుంది. టార్చి వేసి చూడు. చూడకముందే నీకు తెలుసేమో అని కూడా నా అనుమానం. పార్సిల్ అంటే మండిపడ్డావు, షాపులోంచి లాక్కొచ్చావు, బావకి ఫొటోలన్నావు. ఐదు వారాలుగా నేను చెవిటివాణ్ణే కాదు, గుడ్డివాణ్ణి కూడా అయ్యాను.

నిజం రాయి.

తమ్ముడు


మార్చి 19

తమ్ముడూ,

ముక్క ఉంది. ఇయర్‌ఫోన్ల వైరు చివర బంగారం రంగు పుల్ల ఉంటుందే, అది సగానికి విరిగి లోపల ఉండిపోయింది. విరగ్గొట్టింది నేను.

వాడు పోయిన ఎనిమిదో రోజు. ఇంటినిండా మనుషులు. వాడు పనిచేసే చోటి నుంచి నలుగురు వచ్చి కూర్చున్నారు. ఒకతను ఏడుస్తున్నాడు. వాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి వెళ్తే మీ బావ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని, మీటలు నొక్కుకుంటూ వార్తలు వింటున్నారు. కొడుకు పోయి ఎనిమిది రోజులు కాలేదు, ఈయనకి లోకంలో సంగతులు కావాలి. నాకు ఏమొచ్చిందో తెలియదు. వైరు పట్టుకుని పక్కకి ఒక్క లాగు లాగాను. టప్పుమంది. "కొడుకు పోయాడండీ, తెలుసా మీకు" అన్నాను. ఆ మాటా అన్నాను. ఆయన చెవుల్లోంచి అవి తీసి నా చేతిలో పెట్టారు. వైరు చెత్తలో పడేశా.

మర్నాడు పొద్దున ఆయన మీట నొక్కితే శబ్దం రాలేదు. రెండుసార్లు నొక్కి మూత వేసేశారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎలా చెప్పను? చూపు లేని మనిషి చేతిలోంచి చదువు లాక్కున్నానని చెప్పనా? నువ్వు మీటలేవో చెప్పి బాగుచేయిస్తే ఆ సంగతి బయటపడకుండా పోతుందనుకున్నా.

ఇంకోటి కూడా ఉంది, రాస్తున్నా కాబట్టి రాసేస్తా. ఒళ్ళు వెచ్చగా ఉందంటే మాత్ర ఇచ్చి "పని మానకు, కూర్చుంటే ఇంకా నీరసం" అని వాడిని పంపింది నేనే. ఆ రోజు నన్ను నేను ఏమీ అనుకోలేక ఆయన మీద పడ్డానేమో.

తిట్టాలనుంటే తిట్టు. కానీ దారి చెప్పు.

అక్క


మార్చి 24

అక్కా,

ఏం తిట్టను? మొదటి కాగితంలో ఒక్క వాక్యం రాసి ఉంటే ఫిబ్రవరిలోనే అయిపోయేది. నీ వల్ల నాలుగు చీటీలు రాశాను. అంతే నా తిట్టు.

ఆ కన్నంలో చిన్న స్ప్రింగు ఉంటుంది. పుల్ల దాన్ని నొక్కి పెట్టింది. ఇయర్‌ఫోన్లు ఉన్నాయనుకుని అది మర్యాదగా స్పీకర్లు ఆపేసింది. సూదితోనూ కత్తెరతోనూ తియ్యకు, లోపలికి పోతే నా వల్ల కూడా కాదు. అలాగే ఉండనీ.

పట్టీల తెర తెరువు. కుడి బాణం నొక్కుకుంటూ చిట్టచివరికి వెళ్ళు. అక్కడ పట్టీ ఉండదు, ఇయర్‌ఫోన్లు పెడితే స్పీకర్లు ఆపాలా వద్దా అని చెప్పే మాట ఉంటుంది. ఈ చీటీలో రెండు మాటలు రాశా, అక్కడ పై మాట ఉంటే ఆన్, కింది మాట అయితే ఆఫ్. మనకి కింది మాట కావాలి. కింది బాణం ఒకసారి. తర్వాత ఆ పాత మూడో చీటీతో దాచెయ్యి. పాస్‌వర్డు కనపడదు. కనపడదు అని రెండుసార్లు రాశాను చూసుకో.

బావకి నువ్వే చెప్పు. ఈ ఒక్కటి చీటీలో రాసి ఇవ్వలేను.

తమ్ముడు


ఏప్రిల్ 1

తమ్ముడూ,

వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కూర్చున్నా. కుడి బాణం పదకొండు సార్లు, కింది బాణం ఒక్కసారి. పట్టీలు నెత్తి మీదికి తోయించావు కదా, తిరిగి దించమని నువ్వూ రాయలేదు, నాకూ తట్టలేదు. ఇల్లదిరిపోయింది. ఆ నల్ల తెర మీదున్న ఇంగ్లీషంతా అప్పగించడం మొదలుపెట్టింది. ఏ మీట నొక్కితే ఆగుతుందో తెలియదు, ఏది నొక్కినా ఆ మీట పేరు కూడా అరుస్తోంది. టీచరమ్మ మెట్ల మీంచి "ఏమైందండీ" అంటోంది. నేను దాని మీద దిండు పెట్టి, దిండు మీద కూర్చున్నంత పని చేశా.

ఆయన తలనిండా సబ్బుతో గోడ పట్టుకుని వచ్చారు. "దిండు తియ్యి" అన్నారు. తీశా. వేలితో బొట్టు తడిమి ఒక్క మీట నొక్కారు. తగ్గిపోయింది.

"బాగుచేశావా" అన్నారు.

"చేశా. ఫొటోలు చూస్తున్నానన్నది అబద్ధం. ఆ రోజు వైరు లాగినప్పుడు పుల్ల విరిగి లోపల ఉండిపోయింది. ఇంకా అక్కడే ఉంది."

"తెలుసు. ఆ సాయంత్రమే వేలు పెట్టి చూశాను."

"తెలిస్తే ఎందుకు చెప్పలేదండీ? నెలన్నరగా మా తమ్ముడూ నేనూ చీటీలతో చస్తుంటే?"

"నువ్వేమో ఫొటోలన్నావు. నాకూ చెప్పబుద్ధి కాలేదు. ఆగిపోతే హాయిగానే అనిపించింది" అన్నారు. "ఆ రోజు నేను వింటున్నది వార్తలు కాదే. ఆస్పత్రి కాగితాలు."

వాడి పనిచోటి వాళ్ళు కాగితాలు అడిగారని వాడి స్నేహితుడు ఆస్పత్రి నుంచి వచ్చిన ఫైలు దాంట్లో ఎక్కించి వెళ్ళాడట. నాకు తెలియదు. ఆస్పత్రికి పొద్దున్నే వెళ్దాంలే అని వాడిని ఒక పూట ఆపింది ఆయన కదా. ఆ పూట వల్లే పోయాడా అని చూసుకోవడానికి కూర్చున్నారట. సగం దాకా వచ్చేసరికి నేను వైరు లాగాను. మిగతా సగం వినాల్సిన పని తప్పింది, దేవుడే ఆపాడనుకున్నా అన్నారు. ఆపింది దేవుడు కాదు, నేను.

"తల కడుక్కుని రండి, కళ్ళు మండుతాయి" అన్నా. చూపు లేకపోతే మాత్రం సబ్బు మండదా? వచ్చాక, "పెట్టండి, ఇద్దరం విందాం" అన్నా. వద్దన్నారు. నేనే ఆయన వేలు తీసుకెళ్ళి మీట మీద పెట్టాను. నెమ్మదిగా పెట్టారు. అది ఇంగ్లీషులో చెప్తుంటే ఆపి ఆపి నాకు తెలుగులో చెప్పారు. మందులు, అంకెలు, రక్తం సంగతులు. చాలాసేపు అవే. మాత్ర గురించి రాలేదు. పూట గురించి రాలేదు. ఆఖరి పేజీలో ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్నారు. మళ్ళీ విన్నారు.

"చెప్పండి" అన్నా.

"జ్వరం మొదలై ఎనిమిది రోజులైందని రోగి చెప్పాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదన్నాడు."

ఎనిమిది రోజులు, తమ్ముడూ. మాకు తెలిసింది ఆఖరి మూడే. మిగతా ఐదు రోజులూ వాడు నా ఎదురుగా కూర్చుని తిన్నాడు, వాళ్ళ నాన్నకి పుస్తకం మార్చి పెట్టాడు, నా మిషనుకి నూనె వేశాడు. ఒళ్ళు కాలుతుంటే. నాన్నకి షుగరు, అమ్మకి పని ఎక్కువ, కంగారు పెట్టడం ఎందుకనుకుని ఉంటాడు. ఎవరి పోలిక? నేను పుల్ల దాచాను, ఆయన పుల్ల సంగతి తెలిసి దాచారు. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడు జ్వరం దాచడా?

అప్పుడు నాకు వచ్చింది ఏడుపు కాదురా, కోపం. ఇన్నాళ్ళలో వాడి మీద మొదటిసారి. "నోరు తెరిచి ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయిందిరా" అని ఆ పెట్టె ముందే కూర్చుని తిట్టాను. "ఇరవయ్యారేళ్ళు వచ్చాయి, బుద్ధి రాలేదా" అన్నాను. మీ బావ కాసేపు విని, "చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడూ ఇంతే, రెండు రోజులు చొక్కాలో దాచుకుని తిరిగాడు వెధవ" అన్నారు. వాడు పోయాక వాడి గురించి ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. ఆ తర్వాత ఆపలేదు. చీకటి పడేదాకా ఇద్దరం వాడిని తిడుతూనే ఉన్నాం. ఒకటి ఆయన మర్చిపోతే నేను అందించా.

ఇప్పుడు పక్క గదిలో పేపరు చదివించుకుంటున్నారు. ఇందాక పిలిచి, మూడో పేజీలో రెండు అచ్చుతప్పులున్నాయని చెప్పారు. అచ్చుతప్పు చెవితో ఎలా పట్టారని నేను అడగలేదు.

నేను కాలర్లు మొదలుపెట్టాలి. నీ చీటీలన్నీ గుండీల డబ్బాలో పెట్టా, మళ్ళీ అవసరం పడితే అడుగుతా. తీరిక దొరికినప్పుడు నాకు తిరిగి రాయి. నీకూ మరదలికీ ఒంట్లో ఎలా ఉందో, ఎక్కడ నెప్పో, ఎన్నాళ్ళ నుంచో అన్నీ రాయి. ఊరికే బాగున్నాం అని రాస్తే బస్సెక్కి వచ్చి చూస్తా.

మీ అక్క